కాలేజ్ స్ట్రీట్ పుస్తకం, లాల్‌బజార్ గిటారు

కోల్‌కతాలోని కాలేజ్ స్ట్రీట్‌లో, పాత పుస్తకాల బడ్డీల ముందు నిలబడి, గిటారు నేర్పే ప్రథమ పాఠాల పుస్తకం ఒకటి చేతిలోకి తీసుకొంటే దాని పూర్వ యజమాని చరిత్ర కొంత తెలిసిపోతుంది. మొదటి పదిహేను ఇరవై పుటలు నలిగి, మూలలు మడతలు పడి, పెన్సిలు గీతలతోను, ఒక్కొక్కచోట టీ మరకలతోను ఉంటాయి. ఆ తరువాతి పుటలు అచ్చుకూటం నుంచి అప్పుడే వచ్చినట్లు తెల్లగా ఉంటాయి. ఈ రెంటికీ నడుమనున్న సరిహద్దు చాలా పుస్తకాలలో ఒకేచోట పడుతుంది. అది ఎఫ్ అనే కార్డ్‌ను నేర్పే పుట.

మూడు నాలుగు స్వరాలు ఒక్కసారిగా కలిసి మ్రోగితే దానిని కార్డ్ అంటారు. మన సంగీతంలో ఒక స్వరం వెనుక మరొకటి నడుస్తుంది. పాశ్చాత్య సంగీతంలో కొన్ని స్వరాలు పక్కపక్కనే కూర్చుంటాయి. ఎఫ్ పూర్తిగా పలకాలంటే ఎడమచేతి చూపుడువేలు ఆరు తీగలనూ అడ్డంగా అదిమి పట్టాలి. తక్కిన మూడు వేళ్లూ అదే క్షణంలో మూడు వేర్వేరు తీగలపై వాలాలి. అంతవరకు ఉత్సాహంగా వచ్చిన విద్యార్థి ఇక్కడ ఆగుతాడు. వారం రోజులు ప్రయత్నిస్తాడు. తరువాత గిటారు అటక మీదికి, పుస్తకం కాలేజ్ స్ట్రీట్‌కు చేరుతాయి.

పుస్తకాల వారికి ఈ సంగతి తెలియనిది కాదు. “వంటల పుస్తకం చివరిదాకా మాస్తుంది. గిటారు పుస్తకం సగం దాకానే” అంటాడు అక్కడి అమ్మకందారు ఒకడు.

ఒక జనవరి ఉదయం ఖరగ్‌పూర్ లోకల్‌లో హౌరాకు వచ్చి, వంతెన దాటి, బస్సులో కాలేజ్ స్ట్రీట్ కూడలిలో దిగిన అరవైరెండేళ్ల పెద్దమనిషి అటువంటి పుస్తకాన్నే బేరమాడారు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న తెలుగువారు. బెంగాల్-నాగపూర్ రైల్వే వారు ఖరగ్‌పూర్‌లో వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచి శ్రీకాకుళం, విశాఖపట్నం వైపుల నుంచి ఎన్నో కుటుంబాలు పనికోసం అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. ఈయన తాతగారిది ఆ తరం. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, ఆఫీసులో ఇంగ్లీషు, బజారులో హిందీ, ఏ భాషకూ ప్రత్యేకమైన ప్రయాస లేకుండా బ్రతుకు సాగే ఊరు అది. ఆ ఊరి రైలు ప్లాట్‌ఫారం 1,072 మీటర్ల పొడవున, 2013లో గోరఖ్‌పూర్ స్టేషను దానిని మించేవరకు ప్రపంచంలోనే పెద్దదిగా పేరు మోసింది. ఖరగ్‌పూర్ వాసులు ఆ సంగతిని ఇప్పటికీ కొంచెం నొచ్చుకొంటూనే చెబుతారు.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఒకప్పుడు ఆంగ్లో-ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. క్రిస్మస్ రోజుల్లో ఇన్‌స్టిట్యూట్ హాలులో నృత్యాలు జరిగేవి. ప్రహరీగోడ మీద కూర్చొని ఆ కిటికీల లోంచి వచ్చే గిటారు వినడం కాలనీ పిల్లలకు పండుగలో భాగం. ఈయనకు ఆ మోజు అక్కడ పుట్టింది. పద్నాలుగో ఏట సైకిలు గొలుసులో పడి ఎడమచేతి ఉంగరపు వేలి చివరి కణుపు పోయింది. మరుసటి సంవత్సరం తల్లి ఆయనను కాలనీలోనే ఉన్న వయొలిన్ గురువు వద్దకు తీసుకొనివెళ్లింది. ఆమె త్యాగరాజ కృతులు పాడేది, కొడుకు పక్కన కూర్చొని వాయించాలని ఆమె కోరిక. గురువుగారు కుర్రవాడి చేతిని తిప్పి చూసి, “తంబురా శ్రుతి వేయమనండి చాలు” అని పంపివేశారు. కటువుగా అన్న మాట కాదు. అయినా నలభై ఏడేళ్లు నిలిచిపోయింది.

అందువల్లనే ఆయన గురువును వెతకలేదు, పుస్తకాన్ని వెతికారు. పుస్తకం ఎవరి చేతినీ తిప్పి చూడదు. పుట తెరిచిన ప్రతివాడినీ ఐదు వేళ్లున్నవాడిగానే భావించి మొదటి పాఠం చెప్పడం ప్రారంభిస్తుంది. అందులో ఎంత మర్యాద ఉన్నదో అంత ప్రమాదమూ ఉన్నది.

గిటారు పుస్తకాల వంశం చిన్నది కాదు. ఇటలీవాడైన మత్తేవో కార్కాస్సి 1836లో ప్రకటించిన పాఠాలను క్లాసికల్ గిటారు విద్యార్థులు నేటికీ సాధన చేస్తున్నారు. అమెరికాలో మెల్ బే 1940ల చివర తన పాఠమాలను తానే అచ్చువేసి, ఊరూరా తిరిగి అమ్ముకొన్నాడు. ఇంగ్లండులో బర్ట్ వీడన్ అనే వాద్యకారుడు 1957లో ‘ప్లే ఇన్ ఎ డే’ అన్న పుస్తకం వెలువరించాడు. ఒక్క రోజులో వాయించవచ్చునన్న ఆ వాగ్దానాన్ని నమ్మి పది లక్షలమందికి పైగా కొన్నారు. వారిలో అప్పటికి పేరూ ఊరూ లేని జార్జ్ హారిసన్, ఎరిక్ క్లాప్టన్ వంటి కుర్రవాళ్లున్నారు. వీడన్ 2012లో మరణించినప్పుడు సంగీత ప్రపంచం ఆయన పాటలకంటె ఆ పుస్తకాన్నే ఎక్కువగా తలచుకొన్నది. ఒక్క రోజులో నేర్చుకొన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

కాలేజ్ స్ట్రీట్ నుంచి లాల్‌బజారుకు నడక దూరమే. దక్షిణంగా బౌబజార్ కూడలి దాకా వచ్చి, కుడివైపు తిరిగి నగల దుకాణాలు, కర్రసామాను దుకాణాలు దాటుకొంటూ పోతే, చిత్తరంజన్ అవెన్యూ అవతల పోలీసు ప్రధాన కార్యాలయపు ఎర్రని భవనం కనబడుతుంది. 2019లో భూగర్భ మెట్రో సొరంగం తవ్వుతున్నప్పుడు ఇళ్లు కూలినది ఈ బౌబజారులోనే. లాల్‌బజార్ నుంచి ఉత్తరంగా సాగే రవీంద్ర సరణి పాత పేరు చిత్‌పూర్ రోడ్డు. అదే దారి పట్టుకొని పోతే జోరాసాంకోలోని ఠాగూర్ల ఇల్లు వస్తుంది. ఈ వీధి మొదట్లో వాద్యాల దుకాణాలు వరుసగా ఉన్నాయి.

పుస్తకాలు ఒక పేటలో, వాద్యాలు మరొక పేటలో ఉండడం ఈ నగరపు అలవాటు. ద్వారకానాథ్ ఘోష్ 1875లో స్థాపించిన ద్వార్కిన్ సంస్థ చేతితో తిత్తి ఊదే హార్మోనియానికి ప్రసిద్ధికెక్కింది. భారతదేశంలోని భజన మందిరాలలోను, మన నాటక సమాజాలలోను మ్రోగిన పెట్టెకు పుట్టినిల్లు ఈ కలకత్తాయే. ఇరుకైన దుకాణాల లోపల హార్మోనియాలు అరలలోను, తబలాలు నేలమీద, సితారులు గోడకు, గిటార్లు కప్పు నుంచి వేలాడుతూ ఉంటాయి. వానాకాలంలో గాలిలోని చెమ్మకు చెక్క ఉబ్బి, మెడ వంగి, తీగలకు తుప్పు పడుతుంది. అందుచేత అమ్మకం ఎంతో మరమ్మతు అంత. ఉక్కు తీగల గిటారు మీద ఆరు తీగలూ కలిసి దాదాపు డెబ్బై కిలోల బరువుతో సమానంగా లాగుతూనే ఉంటాయి. పలుచని చెక్కపెట్టె ఆ లాగుడును పగలూ రాత్రీ భరించాలి. చవక గిటారు రెండేళ్లు నిలిచిందంటే అది చేసినవాడి పుణ్యమే.

దుకాణం వెనుక బల్లమీద పనిచేసుకొంటున్న వృద్ధ కారీగరు ఒకడు, ఖరగ్‌పూర్ పెద్దమనిషి గిటారు పట్టుకొన్న తీరు చూసి తల ఎత్తాడు. అతని చూపు మొదట వేలి మీదనే పడింది.

“దాదా, ఈ చేత్తో స్పానిష్ గిటారు కష్టం. హవాయియన్ తీసుకోండి. ఒడిలో పెట్టుకొని వాయిస్తారు. వేళ్లతో అదమనక్కర లేదు, ఇనుపకడ్డీ పట్టుకొంటే చాలు.”

“నా పుస్తకంలో ఉన్నది ఇదే. ఇదే ఇవ్వండి” అన్నారు ఆయన.

కారీగరు మరేమీ అనలేదు. తీగలు మెడకు మరీ ఎత్తుగా లేకుండా బ్రిడ్జి మీది పట్టీని కొంచెం అరగదీసి ఇచ్చాడు.

సాయంకాలపు లోకల్‌లో గిటారుకు సీటు దొరకదు. రెండున్నర గంటలకు పైగా ఆయన దానిని మోకాళ్ల నడుమ నిలబెట్టుకొని ప్రయాణం చేశారు.

ఇటువంటి పుస్తకాల ఇంగ్లీషు చూడడానికి చాలా సులువు. తీగను గట్టిగా అదమాలి, చేయి మాత్రం బిగుసుకోరాదు అని ఉంటుంది. ఆ వాక్యంలో తెలియని మాట ఒక్కటీ ఉండదు. ఆచరించబోతే తెలిసినది ఒక్కటీ ఉండదు. ‘స్ట్రమ్’ అన్న మాటకు నిఘంటువు చూసి లాభం లేదు. వీణను మీటుతాము, మృదంగాన్ని వాయిస్తాము. ఆరు తీగలనూ పైనుంచి కిందికి ఒక్క ఊపులో తడిమి మ్రోగించే పనికి మనకు వేరే మాట లేదు. ‘దువ్వడం’ అంటే చేయి కదలిక సరిపోతుంది కాని శబ్దం వినబడదు. బొమ్మలు మరొక చిక్కు తెస్తాయి. పుస్తకంలో గిటారు మెడను నిలువుగా గీస్తారు, వాయించేవాడికి అది అడ్డంగా ఉంటుంది. ఫోటోలోని చేయి ఎదుటివాడిది కనుక అద్దంలో చూసినట్లు తారుమారుగా తోస్తుంది. ఏ వేలు ఏ మెట్టు మీదనో తేల్చుకోవడానికే మొదటి పక్షం గడిచిపోయింది.

తీగల శ్రుతి మరొక పక్షం తిన్నది. మిగతా వాద్యాలలో సంగీతం వచ్చిన తరువాత శ్రుతి చేయడం వస్తుంది. గిటారులో శ్రుతి చేయడం వస్తేనే సంగీతం మొదలవుతుంది. ఆరో తీగను ఐదో మెట్టు వద్ద అదిమితే ఐదో తీగ స్వరం పలకాలి. అలా ఒకదానిని చూసి మరొకదానిని సరిచేసుకొంటూ వస్తే చివరికి అన్నీ కలవాలి. మూడో తీగకూ రెండో తీగకూ మాత్రం నాలుగో మెట్టు. ఎందుకో పుస్తకం చెప్పదు. తల్లి వద్ద తంబురా శ్రుతి చేసిన చెవికి ఈ పని పట్టుబడింది. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ నడిమధ్యన ఉన్నదనీ, అక్కడ అదిమితే పై స్థాయి షడ్జమం వచ్చినట్లు అదే స్వరం రెట్టింపై పలుకుతుందనీ స్కేలు పెట్టి కొలిచి చూసుకొన్నారు. లెక్కల గుమాస్తాకు అది గొప్ప తృప్తినిచ్చింది.

ఉక్కు తీగలు వేలి కొసలను కోస్తాయి. మూడు వారాలకు కాయలు కాస్తాయి. అప్పుడు నొప్పి తగ్గుతుంది. ఇ మైనర్‌కు రెండు వేళ్లు చాలు. సి కార్డ్‌కు ఉంగరపు వేలు కావాలి. ఆయన ఆ పని చిటికెనవేలికి అప్పగించారు. బలహీనమైన వేలు, మొరాయించింది. రెండు నెలలు వెంటబడితే లొంగింది. జి కూడా అలాగే వచ్చింది. పుస్తకంలోని బేథోవెన్ పాట తప్పులతోనే అయినా నడిచింది. భార్య వంటింట్లోంచి ఒకటి రెండుసార్లు రాగం తీసినట్లు కూడా అనిపించింది.

తరువాత ఎఫ్ వచ్చింది. ఇంతకాలం చిటికెనవేలు ఉంగరపు వేలికి బదులుగా డ్యూటీ చేసింది. ఇక్కడ చిటికెనవేలికే సొంత పని ఉన్నది. నాలుగు ఉద్యోగాలకు నలుగురు కావాలి, ఉన్నది ముగ్గురు. ఏ రిజిస్టరు తిరగేసినా ఈ ఖాళీ భర్తీ అయ్యేది కాదు. ఆ పుట అంచున పూర్వ యజమాని పెన్సిలుతో పెట్టిన ప్రశ్నార్థకం ఒకటి ఉన్నది. దాని తరువాత అతని గీత మరొకటి లేదు.

చేయి దెబ్బతిన్న గిటారు వాద్యకారులు చరిత్రలో లేకపోలేదు. జాంగో రైన్‌హార్ట్ 1928లో తన బండి అంటుకొని కాలినప్పుడు ఎడమచేతి రెండు వేళ్ల పట్టు కోల్పోయాడు. మిగిలిన రెండు వేళ్లతోనే పరుగులు తీయించి జాజ్ సంగీతంలో అగ్రగణ్యుడయ్యాడు. బర్మింగ్‌హామ్ కుర్రవాడు టోనీ అయోమీ రేకుల కార్ఖానాలో రెండు వేళ్ల కొసలు కోల్పోయి, ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకొన్నాడు. రైన్‌హార్ట్ రికార్డు విని ధైర్యం తెచ్చుకొన్నానని ఆయన చెప్పుకొన్నాడు. కాని ఈ ఇద్దరూ అప్పటికే వాయిస్తున్నవారు, పడుచువారు. అరవై దాటి మొదటి పుస్తకం తెరిచినవారికి ఈ కథలు వినడానికి బాగుంటాయి.

ఆషాఢంలో ముసురు పట్టిన ఒకనాడు ఆయన మళ్లీ లాల్‌బజార్ వచ్చారు. చెమ్మకు గిటారు మెడ కొద్దిగా వంగి, తీగలు పైకి లేచాయి. మరమ్మతుకు తెచ్చినట్లు చెప్పారు. కారీగరు గిటారును కన్ను దగ్గర పెట్టుకొని మెడ వెంట బారుగా చూశాడు. తరువాత ఆయన ఎడమచేతిని అడగకుండానే తన చేతిలోకి తీసుకొని, కాయలు కాసిన చిటికెనవేలిని బొటనవేలితో నొక్కి చూశాడు.

“సాధన చేశారు, దాదా” అన్నాడు. ఆ మాట తరువాత ఆయన పుస్తకం సంగతి ఎత్తలేదు.

హవాయి గిటారు బెంగాలీలకు చుట్టపుచూపుగా వచ్చి ఇంటివాడైన వాద్యం. దానిని కనిపెట్టినవాడు హవాయి ద్వీపవాసి జోసెఫ్ కెకూకూ అని చెబుతారు. రైలు పట్టాల వెంట నడుస్తూ దొరికిన ఇనుప బోల్టు చేతిలోని గిటారు తీగలకు తగిలితే పలికిన జారుడు నాదమే దానికి మూలమన్న కథ ఒకటి ప్రచారంలో ఉన్నది. నిజమో కాదో కాని రైల్వేవారికి నచ్చవలసిన కథ. హవాయి నుంచి బయలుదేరి తూర్పు దేశాలన్నీ తిరిగిన టౌ మో కుటుంబం 1940లలో కొన్నేళ్లు కలకత్తాలో నివసించి వాయించింది, నేర్పింది. ఈ నగరంలోనే గార్నీ నైస్ ‘అలోహా బాయ్స్’ అన్న బృందాన్ని నడిపాడు. ఆ తరువాత నజ్రుల్ కుమారుడు కాజీ అనిరుద్ధ, బటుక్ నంది, సునీల్ గంగూలీ వంటివారు రవీంద్ర, నజ్రుల్ గీతాలను, సినిమా పాటలను దానిపై పలికించారు. మధ్యతరగతి ఇళ్లలో ఆడపిల్లలు హార్మోనియంతోపాటు నేర్చుకొనే వాద్యమయింది. జోధ్‌పూర్‌కు చెందిన బ్రిజ్‌భూషణ్ కాబ్రా దానిపై రాగాలాపన చేశాడు. జైపూర్‌కు చెందిన విశ్వమోహన్ భట్ దానిని మార్చి చేసుకొన్న మోహనవీణకు 1994లో గ్రామీ బహుమానం వచ్చింది.

ఇంతలో నగరపు అభిరుచి మారింది. 1975లో ‘మొహినేర్ ఘొరాగులి’ బృందం పుట్టినప్పుడు దానిని విన్నవారు కొద్దిమందే. 1992లో సుమన్ ఒంటరిగా గిటారు పట్టుకొని పాడిన ‘తొమాకే చాయ్’ వెలువడిన తరువాత మాత్రం కళాశాల కుర్రవాడి భుజాన స్పానిష్ గిటారు తప్పనిసరి అయింది. హవాయి గిటారు పాత తరం వాద్యమని పేరు పడిపోయింది. కారీగరు మాటలలో ఆ బాధ లేకపోలేదు. అయితే అతని బల్ల అరలో వాటికి కావలసిన సామానంతా ఇంకా ఉన్నది.

అరగంట పని. మెడ చివర తీగలు ఆనుకొనే దిమ్మమీద ఎత్తైన లోహపు పట్టీ అమర్చాడు. తీగలన్నీ మెట్లకు అందనంత పైకి లేచాయి. మెడ వంగిన దోషం ఇప్పుడు లెక్కలోకి రాదు. నాలుగు, మూడు, రెండు తీగల బిరడలు తిప్పి ఒక్కొక్క స్వరం పెంచాడు. వట్టి తీగలు మీటితేనే ఎ మేజర్ కార్డ్ నిండుగా పలికింది. గిటారును ఆయన ఒడిలో వెల్లకిలా పెట్టి, ఎడమచేతికి నున్నని ఉక్కు కడ్డీ, కుడిచేతి మూడు వేళ్లకు తొడుగులు ఇచ్చాడు. కడ్డీని చూపుడువేలు, నడిమివేలు, బొటనవేలు పట్టుకొంటాయి. ఉంగరపు వేలు వెనుక తీగలమీద ఊరికే ఆని, అక్కరలేని మ్రోతను అణచాలి. దానికి చివరి కణుపు ఉండి తీరాలన్న నియమం లేదు.

మొదట పలికినది పిల్లి అరుపు వంటి శబ్దం. మెట్టు గీతకు సరిగ్గా పైన కడ్డీ నిలవకపోతే స్వరం తప్పుతుంది. ఇక్కడ మెట్లు కళ్లకు గుర్తులే తప్ప తీగకు ఆధారం కావు. చెవి ఒక్కటే దిక్కు. ఆయన కళ్లు మూసుకొని షడ్జమం పట్టుకొన్నారు. రిషభం మీదికి జారారు, అక్కడ నిలవక గాంధారానికి పోయి వెనుకకు వచ్చారు. దక్షిణాదిన గోటువాద్యం ఎరిగినవారికి ఆ జారుడు కొత్త కాదు. ఎఫ్ వరకు వచ్చిన ఇరవై పుటలలో ఒక్కచోటా లేనిది, తల్లి గొంతులో చిన్ననాడు విన్నది, తీగమీద క్షణంపాటు మెరిసి పోయింది. కారీగరు పని ఆపి విన్నాడు. బెంగాలీ స్వరలిపిలో అచ్చయిన పలుచని పుస్తకం ఒకటి తీసి ముందు పెట్టాడు.

“ఇందులో ‘స రి గ మ’ లే ఉంటాయి. మీవి మీరు రాసుకోండి.”

తిరుగు ప్రయాణానికి ముందు ఆయన కాలేజ్ స్ట్రీట్‌కు వెళ్లారు. కొన్న పుస్తకాన్ని సగం ధరకు తిరిగి తీసుకోవడం అక్కడ అనేక బడ్డీలలో ఉన్నదే. అమ్మకందారు ఇంగ్లీషు పుస్తకాన్ని బొటనవేలితో తిరగేశాడు. ఎఫ్ పుట అంచున పాత ప్రశ్నార్థకం పక్కన కొత్త పెన్సిలు గీత ఒకటి ఉన్నది. అక్కడ ఒక్క నిమిషం ఆగి, మిగిలిన తెల్లని పుటలను అంచనా వేసి, నూట ఇరవైకి అమ్మిన పుస్తకానికి డెబ్బై ఇస్తానన్నాడు.

“సగమంటే అరవై కదా?”

“ముప్పాతిక పుస్తకం కొత్తదే కదా, దాదా” అంటూ దానిని మళ్లీ ఆ దొంతరలోనే, అట్ట కనబడేటట్లు పైన పెట్టాడు.